350 అంటే ఏ 350? పాత అమెరికన్ వీ8 కారు కొనేముందు చూసుకోవాల్సిన లెక్కలు

మన దగ్గర 350 అనగానే బుల్లెట్ గుర్తొస్తుంది. ఆ అంకె సీసీల లెక్క. పాత షెవర్లే కార్వెట్ బానెట్ కింద ఉండే 350 మాత్రం క్యూబిక్ ఇంచుల లెక్క. సీసీల్లోకి మారిస్తే 5,733 అవుతుంది. పదహారు బుల్లెట్ ఇంజన్లు కలిపినా దానికి సరిపోవు.

డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉద్యోగాల్లో కుదురుకుని, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, ఎప్పట్నుంచో మనసులో ఉన్న పాత ఫోర్డ్ మస్టాంగో షెవర్లే కమారోనో కొనుక్కుందామనుకునే మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే. "327 మంచిదా, 350 మంచిదా? 427 అయితే ఇంకా మంచిదా?" అంకె పెద్దదైతే బండి గొప్పదన్న లెక్క మనకు బైకుల నుంచి అలవాటైంది. అమెరికన్ వీ8ల (ఎనిమిది సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజన్ల) దగ్గర అది పనిచేయదు. ఫెండర్ మీద ఉన్న అంకె ఆ ఇంజన్‌కి కంపెనీ పెట్టిన పేరు. ఒక్కోసారి అది అసలు కొలత, ఒక్కోసారి అటూ ఇటూగా ఉన్న కొలత, ఒక్కోసారి కొలతే కాదు. అందుకే అంకె చూసి బేరం మొదలుపెట్టకండి. ఇంజన్ ఏ కంపెనీది, దాని కోడ్ ఏంటి, హార్స్‌పవర్ ఏ పద్ధతిలో కొలిచారు, ఈ మూడూ తెలిశాకే డబ్బు మాట ఎత్తండి.

ముందు కొలత సంగతి

సిలిండర్ లోపలి వెడల్పుని బోర్ అంటారు. పిస్టన్ కింది నుంచి పైకి వెళ్లే దూరం స్ట్రోక్. బోర్‌ని బోర్‌తోనే గుణించి, దాన్ని 0.7854తో, ఆ తర్వాత స్ట్రోక్‌తో, చివరికి సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే ఇంజన్ సైజు వస్తుంది. షెవర్లే 350కి బోర్ 4.00 అంగుళాలు, స్ట్రోక్ 3.48. ఎనిమిది సిలిండర్లకి లెక్కేస్తే 349.85. దాన్నే 350 అన్నారు.

ఇప్పుడు బోర్ అలాగే 4.00 ఉంచి స్ట్రోక్ మాత్రం మార్చి చూడండి. 3.25 పెడితే 327. 3.00 పెడితే 302. అంటే షెవర్లే 302, 327, 350 మూడూ ఒకే స్మాల్ బ్లాక్ (చిన్న ఆకారపు వీ8) కుటుంబం. ప్రధానమైన తేడా స్ట్రోక్‌ని నిర్ణయించే, లోపల తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌లో ఉంది. 1955లో 265 క్యూబిక్ ఇంచులతో మొదలైన ఈ కుటుంబం 1957కి 283 అయింది. ఆ ఏడాది ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టిన కార్వెట్ 283 ఇంచులకి 283 హార్స్‌పవర్ ఇస్తుందని షెవర్లే గర్వంగా చెప్పుకుంది.

క్యూబిక్ ఇంచులని లీటర్లలోకి మార్చాలంటే 61తో భాగిస్తే చాలు. 289 అంటే 4.7 లీటర్లు, 396 అంటే 6.5, 427 అంటే 7.0, 440 అంటే 7.2, 454 అంటే 7.4. సీసీలు కావాలంటే 16.387తో గుణించండి. ఈ ఒక్క లెక్క ఫోన్‌లో వేసుకోగలిగితే చాలు, అమ్మేవాళ్లు చెప్పే సగం మాటలు అక్కడికక్కడే తేల్చుకోవచ్చు.

పేరు ఒకటి, కొలత ఇంకొకటి

ఫోర్డ్ 427కి బోర్ 4.23, స్ట్రోక్ 3.78. పై లెక్క వేస్తే వచ్చేది 425. అప్పటి పెద్ద రేసుల్లో పరిమితి 7 లీటర్లు, అంటే 427 ఇంచులు. పేరు ఆ గీత దగ్గర పెట్టారు. దాని పక్కనే ఫోర్డ్ 428 ఉంది. బోర్ 4.13, స్ట్రోక్ 3.98. లెక్కకి వచ్చేది 426.5. పేరులో ఒకటే ఇంచు తేడా ఉన్నా రెండూ వేర్వేరు స్వభావాల ఇంజన్లు. 427 రేసుల కోసం పుట్టింది. పెద్ద బోర్, చిన్న స్ట్రోక్, పైపైకి తిరగడానికి గట్టిగా కట్టిన లోపలి భాగాలు. 428 రోడ్డు కోసం చేసింది, తయారీ ఖర్చు తక్కువ, కింది స్పీడుల్లో లాగుడు ఎక్కువ. అసలైన 427 కోబ్రా (షెల్బీ స్పోర్ట్స్ కారు) అని పేరున్న రోడ్డు కార్లలో కొన్నింటికి కంపెనీ నుంచే 428 ఇంజన్ వచ్చింది. అలాంటి కారు ముందు నిలబడ్డప్పుడు బ్యాడ్జి చదివితే చాలదు.

ఫోర్డ్ 351 కథ ఇంకా బాగుంటుంది. 4.00 బోర్, 3.50 స్ట్రోక్ లెక్కిస్తే 351.86. న్యాయంగా 352 అనాలి. కానీ ఫోర్డ్‌కి అప్పటికే సరిగ్గా అవే కొలతలతో 352 అనే పాత పెద్ద ఇంజన్ ఉంది. రెండింటికీ తేడా తెలియాలని కొత్తదాన్ని 351 అన్నారు.

షెవర్లే ఎస్‌ఎస్396 పేరుకి అప్పటికే గిరాకీ ఉంది. 1970కల్లా ఆ ఇంజన్ బోర్ కొంచెం పెంచి 402 చేశారు, బ్యాడ్జి మీద మాత్రం 396 అలాగే ఉంచారు. 1980లలో మస్టాంగ్ మీద 5.0 అని రాసిన ఇంజన్ అసలు సైజు 4,942 సీసీ. సరిగా చెప్పాలంటే 4.9. అదే కాలంలో షెవర్లే 305 మాత్రం లెక్కకి సరిగ్గా 5.0.

కొన్ని అంకెలు అసలు కొలతలే కావు. 1965 షెల్బీ జీటీ350లో ఉన్నది 289 ఇంజన్. 350 అనేది ఉత్త పేరు. ఓల్డ్స్‌మొబైల్ 4-4-2 వచ్చినప్పుడు ఆ మూడు అంకెలకి అర్థం నాలుగు బ్యారెళ్ల (గాలి దారుల) కార్బురేటర్, నాలుగు గేర్లు, రెండు సైలెన్సర్ లైన్లు. ఇంజన్ 330 ఇంచులే.

ఇక ఫోర్డ్ కాగితాల్లో కనిపించే 2వీ, 4వీ దగ్గర మనవాళ్లు తప్పకుండా తడబడతారు. ఈ రోజుల్లో 4వీ అంటే సిలిండర్‌కి నాలుగు వాల్వులు అనుకుంటాం. ఆ కాలంలో ఫోర్డ్ వాడిన వీ వెంచురీకి, అంటే కార్బురేటర్ బ్యారెల్‌లోని సన్నని భాగానికి, గుర్తు. 2వీ అంటే రెండు బ్యారెళ్ల కార్బురేటర్, 4వీ అంటే నాలుగు బ్యారెళ్లది. వాల్వులు రెండింట్లోనూ సిలిండర్‌కి రెండే.

ఒకే అంకె, నాలుగు ఇంజన్లు

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

జనరల్ మోటార్స్ కింద షెవర్లే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూక్ అన్నీ ఉన్నా, అప్పట్లో ఎవరి ఇంజన్ వాళ్లదే. నలుగురికీ 350 ఉంది. నాలుగూ వేరు. షెవర్లేది 4.00 బోర్, 3.48 స్ట్రోక్. ఓల్డ్స్‌ది 4.057, 3.385. బ్యూక్‌ది 3.80 బోర్, 3.85 స్ట్రోక్, అంటే బోర్ కంటే స్ట్రోకే ఎక్కువ. పాంటియాక్‌ది 3.875, 3.75. ఆ చివరిది లెక్కేసి చూడండి, 354 వస్తుంది. ఒకదాని పిస్టన్, హెడ్, ఇన్‌టేక్ ఇంకోదానికి పట్టవు. "350 ఇంజన్, పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి" అని అమ్మే మనిషి చెప్పే మాట షెవర్లే 350 విషయంలో నూటికి నూరుపాళ్లు నిజం. బ్యూక్ 350 విషయంలో కాదు.

బానెట్ ఎత్తి చూసి గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) ముందువైపు ఉంటే బ్యూక్. వెనక ఉంటే మిగతా మూడింట్లో ఏదో ఒకటి. ఓల్డ్స్‌కి ఆయిల్ పోసే గొట్టం ఇంజన్ ముందు భాగం నుంచి పైకి వస్తుంది. షెవర్లే స్మాల్ బ్లాక్‌కి వాల్వ్ కవర్ ఒక్కోదానికి నాలుగు బోల్టులు. రంగు చూసి మాత్రం నిర్ణయించకండి. షెవర్లేకి నారింజ, పాంటియాక్‌కి లేత నీలం అని ఉన్నా, యాభై ఏళ్లలో ఎవరు ఏ డబ్బా తెచ్చి కొట్టారో చెప్పలేం.

455 కూడా అంతే. ఓల్డ్స్, బ్యూక్, పాంటియాక్ మూడింటికీ 455 ఉంది, మూడూ వేరు. ఇంకో విషయం, పాంటియాక్ వీ8ల్లో స్మాల్ బ్లాక్, బిగ్ బ్లాక్ (పెద్ద ఆకారపు వీ8) అనే విభజనే లేదు. 350 నుంచి 455 దాకా బయటికి ఒకే ఆకారం. ప్రకటనలో "పాంటియాక్ బిగ్ బ్లాక్" అని రాశారంటే అమ్మేవాళ్లకి ఆ ఇంజన్ గురించి పెద్దగా తెలియదని అర్థం చేసుకోవచ్చు.

302 విషయానికొస్తే షెవర్లే, ఫోర్డ్ రెండింటికీ 4.00 బోర్, 3.00 స్ట్రోక్. అచ్చంగా అవే కొలతలు, కానీ ఒక్క భాగం కూడా కలవదు. షెవర్లే తన 302ని 1967లో కమారో జెడ్/28 కోసం చేసింది. ట్రాన్స్-యామ్ రేసుల్లో పరిమితి 305 ఇంచులు కాబట్టి 327 బోర్‌కి 283 స్ట్రోక్ కలిపింది. ఫోర్డ్ 302 రెండు రకాలు. మామూలు మస్టాంగ్‌లో వచ్చేది ఇంటి వాడకానికి చేసిన నెమ్మది ఇంజన్. 1969లో వచ్చిన బాస్ 302 అదే కుటుంబంలోని బ్లాక్ మీద క్లీవ్‌లాండ్ (దీని సంగతి కిందే ఉంది) తరహా పెద్ద హెడ్లు పెట్టిన రేసు ఇంజన్. బాస్‌కి, జెడ్/28కి రెండింటికీ కంపెనీలు రాసిన హార్స్‌పవర్ 290.

ఫోర్డ్ 351లో విండ్సర్, క్లీవ్‌లాండ్ అని రెండు. తయారైన ఊళ్ల పేర్లే ఇవి. విండ్సర్ కెనడాలోని ఒంటారియోలో, క్లీవ్‌లాండ్ ఒహాయోలో. బోర్, స్ట్రోక్ ఒకటే అయినా హెడ్లు వేరు, బ్లాక్ వేరు. వాల్వ్ కవర్‌కి ఆరు బోల్టులుంటే విండ్సర్, ఎనిమిదుంటే క్లీవ్‌లాండ్. రేడియేటర్ పై గొట్టం ఇన్‌టేక్ నుంచి ముందుకి వస్తే విండ్సర్. బ్లాక్ నుంచి నిలువుగా పైకి లేస్తే క్లీవ్‌లాండ్.

మొత్తం విషయంలో నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1977-79 పాంటియాక్ ట్రాన్స్ యామ్. బానెట్ మీద పైకి పొడుచుకొచ్చిన స్కూప్ (గాలి తీసుకునే మూత) పక్కన ఉన్న స్టిక్కర్ చదవండి. "టి/ఎ 6.6" అని ఉంటే లోపల డబ్ల్యు72 అనే బలమైన పాంటియాక్ 400 ఉండాలి. 1978, 79లో దాని శక్తి 220 హార్స్‌పవర్. "6.6 లీటర్" అని ఉంటే అది మామూలు పాంటియాక్ 400 కావచ్చు, ఓల్డ్స్‌మొబైల్ నుంచి తెచ్చిన 403 కావచ్చు. 403 శక్తి 185. 400ని 61తో భాగించినా, 403ని భాగించినా దగ్గరదగ్గర 6.6 లీటర్లే కాబట్టి స్టిక్కర్ అబద్ధం చెప్పలేదు. రెండు అక్షరాల తేడాతో ధర మాత్రం ఎక్కడికో పోతుంది. పైగా స్టిక్కర్ కొత్తది కొని అతికించడం చిటికెలో పని. ఆయిల్ పోసే గొట్టం ముందుందా లేదా అని బానెట్ ఎత్తి చూస్తే ఓల్డ్స్ ఇంజన్ ఇట్టే దొరికిపోతుంది.

హార్స్‌పవర్ అంకెలు ఎందుకు కలవవు

1970 కారుకి 370 అని, 1972 కారుకి 255 అని చూసి, రెండేళ్లలో ఇంజన్ పాడైపోయిందనుకుంటారు చాలామంది. కొంత నిజం, దాదాపు సగం కొలత మార్పు.

1971 వరకు కంపెనీలు గ్రాస్ పద్ధతిలో రాసేవి. ఇంజన్‌ని కారులోంచి విడిగా టెస్ట్ బెంచీ మీద పెట్టి, ఆల్టర్నేటర్ లాంటి బరువులేవీ లేకుండా, ఎయిర్ క్లీనర్ లేకుండా, కారు సైలెన్సర్ బదులు ఫ్రీగా వదిలే పైపులు పెట్టి కొలిచేవారు. 1972 నుంచి నెట్ పద్ధతి వచ్చింది. కారులో ఉన్నట్టే అన్నీ తగిలించి కొలుస్తారు. గ్రాస్‌ని నెట్‌లోకి మార్చే సూత్రం ఏదీ లేదు. ఒక్కో ఇంజన్‌కి తేడా ఒక్కోలా ఉంటుంది.

అదృష్టం ఏంటంటే 1971లో జనరల్ మోటార్స్ రెండు అంకెలూ ఇచ్చింది. కార్వెట్ ఎల్‌టి-1 అనే 350నే తీసుకుందాం. 1970లో కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోలు ఎన్ని రెట్లు నొక్కుతారన్న లెక్క) 11, గ్రాస్ 370. 1971లో తక్కువ ఆక్టేన్ పెట్రోలుకి తగ్గట్టు కంప్రెషన్ 9కి దించారు, గ్రాస్ 330 అయింది. ఆ 40 నిజంగా పోయిన శక్తి. అదే 1971 ఇంజన్‌కి నెట్ 275. ఆ 55 తేడా కాగితం మీద మాత్రమే. 1972లో నెట్ 255. కాబట్టి 1970 కారునీ 1972 కారునీ పక్కపక్కన పెట్టి 115 హార్స్‌పవర్ తేడా అని ధర కట్టడం తప్పు. దాదాపు సగం తేడా కొలబద్ద మారడం వల్ల వచ్చిందే.

గ్రాస్ కాలంలో అంకెలు కావాలని తగ్గించి రాసిన ఇంజన్లూ ఉన్నాయి. 1967 కార్వెట్‌లో ఎల్71 అనే 427కి 435 అని రాశారు. అదే ఏడాది పూర్తి రేసు ఇంజన్ ఎల్88కి 430 అన్నారు. అసలు శక్తి 500 పైమాటే. దానికి 103 ఆక్టేన్ పెట్రోలు కావాలి, కారులో హీటర్, రేడియో ఇచ్చేవారు కాదు. మామూలు కొనుగోలుదారు అంకె చూసి ఎల్71 వైపు వెళ్లిపోవాలన్నదే ఉద్దేశం. 1967లో ఎల్88 కార్లు తయారైనవి 20 మాత్రమే. ఫోర్డ్ 428 కోబ్రా జెట్‌కి రాసిన 335 కూడా అలాంటిదే. ఇన్సూరెన్స్ ప్రీమియం భయం, రేసుల్లో తరగతుల లెక్క రెండూ దీని వెనక ఉన్నాయి.

అందుకే హార్స్‌పవర్ కంటే టార్క్ (తిప్పే బలం) అడగమని చెబుతాను. జెడ్/28లోని 302 టార్క్ 290 పౌండ్-ఫీట్, అదీ 4,200 ఆర్‌పీఎం దగ్గర. 1969 కమారో ఎస్‌ఎస్‌లో వచ్చిన మామూలు 350కి 380, అదీ 3,200 దగ్గరే. హార్స్‌పవర్ రెండింటికీ దాదాపు ఒకటే, 290, 300. సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు మాత్రం రెండింటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

కోడ్‌లు

షెవర్లేలో ప్రతి ఇంజన్ ఆప్షన్‌కీ ఒక కోడ్ ఉంటుంది. ఎల్79 అంటే 350 హార్స్‌పవర్ 327. ఎల్78 అంటే 375 హార్స్‌పవర్ 396. సైజు కంటే ఈ కోడ్ ఎక్కువ చెబుతుంది, కానీ సంవత్సరం కలపకుండా చదివితే ఇదీ మోసం చేస్తుంది. ఎల్78 అనే కోడ్‌నే 1977లో పాంటియాక్ 180 హార్స్‌పవర్ 400కి వాడారు. ఎల్‌ఎస్6 అంటే 1970లో షెవెల్‌లో వచ్చిన 450 హార్స్‌పవర్ 454. 2001 కార్వెట్ జెడ్06లో అదే పేరుతో 5.7 లీటర్ల కొత్త ఇంజన్ ఉంది. ఎల్‌టి1 అయితే మూడు తరాలది. 1970లో హైఫన్‌తో, 1992లో హైఫన్ లేకుండా, 2014లో 6.2 లీటర్లతో.

ఫోర్డ్, డాడ్జ్, ప్లిమత్ కొనేవాళ్లకి ఇక్కడ సౌకర్యం ఎక్కువ. ఛాసిస్ నంబర్‌లో అయిదో అక్షరమే ఇంజన్ పేరు చెబుతుంది. మస్టాంగ్‌లో కె అంటే 271 హార్స్‌పవర్ 289. 1969, 70లో జి అంటే బాస్ 302, ఆర్ అంటే రామ్ ఎయిర్ (బానెట్ మీది నుంచి బయటి గాలి తీసుకునే ఏర్పాటు) ఉన్న 428 కోబ్రా జెట్. 1970 డాడ్జ్, ప్లిమత్‌లలో ఆర్ అంటే 426 హెమీ (అర్ధగోళం ఆకారపు హెడ్లున్న ఇంజన్), యు అంటే 440, వి అంటే మూడు కార్బురేటర్ల 440. షెవర్లేలో 1972కి ముందు ఈ సదుపాయం లేదు. వీ8 అని మాత్రమే తెలుస్తుంది, ఏ వీ8 అనేది తెలియదు. నకిలీ ఎస్‌ఎస్‌లు, నకిలీ జెడ్/28లు అన్ని తయారవడానికి సగం కారణం ఇదే.

ఏది ఎవరికి

వారాంతంలో కుటుంబంతో తిరగాలి, ఏదైనా పాడైతే పక్క ఊళ్లో పార్టు దొరకాలి అంటే షెవర్లే 350, ఫోర్డ్ 302 ఈ రెండింట్లో ఒకటి తీసుకోండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. జనరల్ మోటార్స్ 2011 నాటికి స్మాల్ బ్లాక్ కుటుంబంలో పది కోట్ల ఇంజన్లు చేసింది. దానికి పార్టు దొరకదనే టెన్షన్ అక్కర్లేదు. 327, 350 మధ్య ఎంచుకోవాల్సి వస్తే, తిప్పడానికి 350 నయం. కింది స్పీడుల్లోనే లాగుతుంది, రిపేరు తేలిక. 327తో పుట్టిన 1962-68 కార్వెట్ మాత్రం 327తోనే ఉండాలి, దాని విలువ అక్కడుంది. 327 క్రాంక్ కొనాల్సొస్తే 1967 వరకు ఒక జర్నల్ (క్రాంక్ బేరింగుల్లో తిరిగే భాగం) సైజు, 1968 నుంచి పెద్ద సైజు అని గుర్తుంచుకోండి.

జెడ్/28 మీద మనసు పడ్డవాళ్లకి ముందే చెప్పాలి. 1967-69 కార్లలో ఆటోమేటిక్ గేర్ లేదు, కంపెనీ ఏసీ కూడా లేదు. టెక్సస్ ఎండలో ఆగస్టు మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆ కారు నడపాలంటే చాలా ఇష్టం ఉండాలి. ఖాళీ రోడ్డు మీద 5,000 దాటాక అది చేసే శబ్దం వింటే ఆ ఇష్టం ఎందుకో అర్థమవుతుంది.

351లో క్లీవ్‌లాండ్ 4వీకి పేరు ఎక్కువ. హెడ్లలో గాలి దారులు చాలా పెద్దవి, పై స్పీడుల్లో అద్భుతం, ఊళ్లో నెమ్మదిగా పోతుంటే మందకొడి. అమెరికాలో దాని తయారీ 1974తో ఆగిపోయింది. విండ్సర్ 1990ల దాకా సాగింది కాబట్టి పార్టులు సులువు. రోజువారీ వాడకానికి విండ్సర్, లేదంటే క్లీవ్‌లాండ్ 2వీ. 4వీని ఇంజన్ తెలిసినవాళ్లకే వదలండి.

బిగ్ బ్లాక్ కావాలంటే ముందు చక్రాల మీద వంద పౌండ్లకి పైగా అదనపు బరువు, బానెట్ కింద వేడి, పెట్రోలు ఖర్చు మూడూ ఒప్పుకోవాలి. అవి ఫరవాలేదనుకుంటే 454, 440 రెండూ నమ్మకమైనవి. హెమీ గొప్ప ఇంజనే, దాని ధరలో పెద్ద భాగం పేరుకి పోతుంది. రోడ్డు మీద ఆ అనుభూతికి దగ్గరగా, చాలా తక్కువ డబ్బుకి కావాలంటే మూడు కార్బురేటర్ల 440 చూడండి. కంపెనీ రాసిన అంకెలు 390, 425. సిటీలో ఆ తేడా తెలియదు.

నంబర్లు కలుస్తున్నాయా

"నంబర్స్ మ్యాచింగ్", అంటే కారుతో పుట్టిన ఇంజనే అందులో ఉంది అనే మాటకి అదనంగా డబ్బు అడుగుతారు. ఇవ్వాలంటే సాక్ష్యం చూపించమనండి. షెవర్లే బ్లాక్‌కి వెనకవైపు పోత నంబర్ ఉంటుంది. అది ఒక్కటే చాలదు. 3970010 అనే నంబర్‌తో 1969లో 302, 327, 350 మూడూ తయారయ్యాయి. దాంతోపాటు పోత తేదీ చూడాలి. "సి 14 9" అంటే మార్చి 14, 1969. నెలకి ఒక అక్షరం, ఎ అంటే జనవరి. ఆ తర్వాత ప్యాసింజర్ వైపు హెడ్ ముందు ఉండే చదునైన చోట కొట్టిన ముద్ర. "వి0321" అని మొదలైతే ఫ్లింట్ ఫ్యాక్టరీలో మార్చి 21న బిగించారని అర్థం. టి ఉంటే టోనవాండా ఫ్యాక్టరీ, బిగ్ బ్లాక్‌లు అక్కడివి. పోత తేదీ ముందు, బిగించిన తేదీ తర్వాత, కారు తయారైన తేదీ ఆ తర్వాత రావాలి. ఈ వరుస తప్పితే ఆ ఇంజన్ ఆ కారుతో పుట్టలేదు.

ఆ ముద్ర ఉన్న చోట టార్చి లైటు ఏటవాలుగా వేసి చూడండి. ఫ్యాక్టరీలో చదును చేసినప్పుడు పడ్డ సన్నని గీతలు ముందు నుంచి వెనక్కి సమాంతరంగా కనిపించాలి. అక్కడ అద్దంలా నున్నగా ఉంటే బ్లాక్‌ని మళ్లీ మిల్లింగ్ చేశారు, పాత ముద్ర పోయి ఉంటుంది. నున్నటి చోట ముద్ర కొత్తగా మెరుస్తుంటే తర్వాత ఎవరో కొట్టిందే అనుకోవాలి. 1968 నుంచి వచ్చిన ఇంజన్ల మీద ఛాసిస్ నంబర్‌లో కొంత భాగం కూడా ఉంటుంది, దాన్ని కారు ప్లేట్‌తో పోల్చండి.

కాగితాల విషయంలో ఫోర్డ్‌కి 1967 నుంచి వచ్చిన కార్లయితే మార్టీ రిపోర్ట్ తెప్పించుకోవచ్చు, పాంటియాక్‌కి పీహెచ్‌ఎస్ పత్రాలు. రెండూ కంపెనీ రికార్డుల నుంచే వస్తాయి. డాడ్జ్, ప్లిమత్‌లకి ఫెండర్ ట్యాగ్, సీటు కింద దొరికే బ్రాడ్‌కాస్ట్ షీట్ (ఆ కారుకి ఏమేం బిగించాలో ఫ్యాక్టరీలో రాసిన కాగితం). కార్వెట్‌కి 1967 నుంచి పెట్రోల్ ట్యాంక్ మీద అతికించిన కాగితం. ఇవేవీ లేకుండా ఒరిజినల్ అని నోటిమాటగా చెబితే మామూలు కారు ధరే ఇవ్వండి.

ఇవన్నీ అక్కర్లేదు, నడిపితే చాలు అనుకునేవాళ్లకి ఇంజన్ మార్చిన కారే లాభం. అక్కడ ఇంకో అంకెల గుంపు ఎదురవుతుంది. అరిగిన సిలిండర్లని అంగుళంలో వెయ్యికి ముప్పై వంతులు పెద్దగా బోర్ చేయిస్తారు. అప్పుడు షెవర్లే 350 కాస్తా 355 అవుతుంది, ఫోర్డ్ 302 కాస్తా 306. అలా బోర్ చేసిన 350లో షెవర్లే 400 ఇంజన్‌కి ఉండే 3.75 స్ట్రోక్ క్రాంక్ వేస్తే 383. అది డాడ్జ్ 383తో ఏ సంబంధమూ లేని ఇంజన్. అలాగే బోర్ చేసిన ఫోర్డ్ 302కి 3.40 స్ట్రోక్ వేస్తే 347. ఇలాంటి కారుకి ఎవరు కట్టారు, ఏ పిస్టన్లు వేశారు, బిల్లులు ఉన్నాయా అని అడగండి. బిల్లులు లేకపోతే మీ మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి ఎనిమిది సిలిండర్లకీ కంప్రెషన్ టెస్ట్ చేయించండి, ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ చూడండి. రీడింగులు దగ్గరదగ్గరగా ఉండి ప్రెషర్ నిలబడితే, పేరులేని 355 ఉన్న 1969 కమారో మొదటి పాత కారుగా మంచి ఎంపిక.